నిండుకుంది

సోమవారం. తెలుపు రెండువందల బారల దగ్గర.

పొద్దున్నే తాడు దించాను. తాడుకి కట్టిన సీసాలు ఒక్కొక్కటి ఒక్కో లోతులో నీళ్ళు పట్టుకుని మూసుకుంటాయి. చక్రం తిప్పి పైకి లాగి, ప్రతి సీసాలోనూ రెండు మందులు చుక్కలేస్తాను. నీళ్ళలో ఊపిరి బాగా ఉంటే కాఫీ డికాషన్ రంగు వస్తుంది. తగ్గితే పలచని టీ రంగు. నిండుకుంటే పాల రంగు. పాల రంగు ఏ లోతులో మొదలయిందో గోడ మీద సుద్దతో గీత గీసి, పలుకుపెట్టె ముందు నిలబడి చెప్పాలి. ఇదీ నా పని.

గీత గీయడం సులువు. చెప్పడమే కష్టం. పెట్టె ముందు మనిషి ఉండడు, అయినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. ఇక్కడి దళసరి కోటు మీద కొంగు ఉండదు. నా చెయ్యి మాత్రం భుజం మీదికి పోతుంది.

"పెట్టిని సూసి సిగ్గు పడతావేటే" అని మావ నవ్వుతాడు. మావంటే నా పెనిమిటి ఎర్రయ్య. మా మేనత్త కొడుకు. ఆయన పని నీళ్ళ కింద. వీపుకి మొప్పల బుట్ట తగిలించుకుని దిగుతాడు. చేప మొప్పల్లాగే ఆ బుట్ట నీళ్ళలో ఉన్న ఊపిరిని తీసి ముక్కుకి అందిస్తుంది. మా గొట్టాలను పట్టి ఉంచే గొలుసులు ముప్ఫై బారల లోతులో ముడిపడి ఉంటాయి. వారానికోసారి దిగి ఆ ముళ్ళు చూసి రావాలి.

మంచు మీద మాది ఆరో గడప. ఏడో గడపలో వరసకి అక్క బంగారప్పా, ఆమె పెనిమిటి తాతారావు బావా ఉంటారు. మధ్యలో రెండు కోసుల మంచు. మిగతా గడపలు కంటికి కూడా ఆనవు. గడపకీ గడపకీ సాయంత్రం పూట మాత్రమే మాట కలుపుతారు, మిగతా వేళంతా తీగ ఆఫీసుదే. ఈ సాయంత్రం బంగారప్ప అడిగింది: "ఒలే కాసులూ, ఇంకా మీ మావని పేరెట్టి పిలవలేదేటే? ఇక్కడ వినీవోళ్ళెవరూ లేరు. పెంగ్విన్లు మీ అత్తకి సెప్పవు."

శుక్రవారం. తెలుపు అక్కడే.

తాడు దించి వచ్చాక గాలి ఎక్కువైంది, మళ్ళీ బయటికి పోలేదు. మావ నిద్రపోతున్నాడు. ఇక్కడి ఎండాకాలంలో సూర్యుడు అస్తమించడు. కిటికీకి దుప్పటి కడితేనే రాత్రి.

ఇక్కడికి రాకముందు విశాఖలో మాకు పాఠాలు చెప్పింది రజని గారు. మొదటి రోజు బల్ల మీద గోళీ సోడాలు పెట్టారు. తాగమంటారనుకున్నాం. "ఇది సముద్రం అనుకోండి. ఇందులో గ్యాసు ఉంది, కనబడుతోందా? కనబడదు. చల్లగా, కదలకుండా, గోళీ బిగిసి ఉన్నంతకాలం లోపలే ఉంటుంది" అన్నారు.

పూర్వం మంచుకాలాలు వచ్చాయట. ఒకటి కాదు, చాలాసార్లు. అప్పుడు ఈ దక్షిణపు సముద్రం మీద మంచు పరుచుకుంది. పైన పలచని నీళ్ళు, కింద బరువైన ఉప్పునీళ్ళు. రెండూ కలవలేదు. కిందివి సోమరిగా ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. పైన చచ్చిన నాచూ నలుసులూ కిందికి రాలుతూనే ఉన్నాయి. వాటిలోని బొగ్గు కిందే ఉండిపోయింది. గాలిలో బొగ్గువాయువు తగ్గింది, భూమి ఇంకా చల్లబడింది. ఆ కాలాలు ముగిసినప్పుడు ఏమైందో చూపిస్తానని ఆవిడ గోళీని బొటనవేలితో నొక్కారు. కుయ్యిమని పొంగి బల్లంతా తడిసింది. కింది నీళ్ళు పైకి లేచి, దాచుకున్నదంతా అలా కక్కేశాయట.

ఇదంతా ఎలా తెలుసంటే సముద్రం అడుగున బురద ఉంది, అందులో ఆవగింజ కన్నా చిన్న గుల్లలున్నాయి, అవి ఎలాంటి నీళ్ళలో బతికాయో ఆ గుర్తు వాటి ఒంట్లోనే ఉంటుందని చెప్పారు.

"మనం చేసేది గోళీని మళ్ళీ బిగించడం. మంచుకొండల్ని లాక్కొచ్చి కరిగించి, ఆ తీపినీళ్ళని గొట్టాలతో సముద్రం మీద పరిచి మూత వేస్తాం."

తాతారావు బావ లేచాడు. "మేడమ్, మరి కిందుండే సేపలు?"

ఆవిడ దాచలేదు. "మంచుకాలంలో లోతు నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయిందని ఆ బురదే చెప్తోంది. తలుపులన్నీ వేసిన గదిలో పదిమంది పడుకున్నట్టు. కింద బొగ్గు ఎంత నిలవుంటే, ఊపిరి అంత తగ్గుతుంది."

"ఆ పదిమందిలో మేవూ ఉన్నాం కదా మేడమ్" అన్నాడు బావ. అందరం నవ్వాం. రజని గారూ నవ్వారు.

మా ఊరు ఇసకమొగని సముద్రం తినేసింది. బడి ఉన్న వీధి ముందు పోయింది, అందుకే నా చదువు ఐదో తరగతితో ఆగింది. తరవాత రేవు, తరవాత మా ఇల్లు. అందుకని సముద్రానికి మూతపెట్టే పనికి మా వాళ్ళనే పిలిచారు. కోపం ఉన్నవాళ్ళు బాగా పనిచేస్తారని కాబోలు.

మంగళవారం. తెలుపు నూట ఇరవై బారల దగ్గర.

తెలుపు పైకి వస్తోంది. మూత పనిచేస్తోందన్నమాట. మావకి చెప్తే, "మంచిదే కదేటి" అన్నాడు. మళ్ళీ తనే, "మంచిదేనా?" అన్నాడు.

ఆఫీసు నుంచి గోడపలక మీద ఒక మాట వచ్చింది. ఇకమీద పలుకుపెట్టెకి రంగులు చెప్పొద్దట. కాఫీ, టీ, పాలు అంటుంటే పెట్టె తికమకపడి మా సరుకుల్లో పాలపొడి కలిపేస్తోందట. రంగు కాదు, ఆ రంగుకి అర్థం చెప్పాలి. 'భయపడకండి. మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. పెట్టెకి మీ భాష వచ్చు' అని ఉంది.

ఈ పెట్టె మేం తెలుగులో చెప్పింది ఆఫీసువాళ్ళ భాషలోకి మార్చి ఓడకి పంపుతుంది. అక్కడి నుంచి మళ్ళీ ఎవరి భాషలో వాళ్ళకి పలకల మీదికి వస్తుంది. మనం చెప్పింది మన పలక మీద కనబడదు, పక్క గడపలవాళ్ళకి కనబడుతుంది.

చక్కగా నిలబడి చెప్పాను. నూట ఇరవై బారల దగ్గర ఊపిరి నిండుకుంది. మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, వచ్చే ఓడలో పంపండి.

పెట్టె 'అందింది, ధన్యవాదాలు' అంది. దాని గొంతు మా అత్త గొంతు కన్నా మెత్తగా ఉంటుంది.

ఆదివారం. తెలుపు తొంభై దాటింది.

ఓడ వచ్చింది. పప్పు వచ్చింది, ఎండుమిరప వచ్చింది, నూనె, బంగారప్ప అడిగిన గోంగూర పొడి కూడా వచ్చింది. బియ్యం రాలేదు.

"అడగలేదేటే?" అన్నాడు మావ.

"అడిగాను."

"గట్టిగా అడిగావా, గొంతులో గొణుక్కున్నావా?"

"గట్టిగానే."

ఓడ కుర్రాళ్ళని అడిగితే చీటీ చూసి, ఆరో గడపకి బియ్యం అక్కర్లేదని ఉందన్నారు. మావకి కోపం వచ్చింది. "సూసేవా, మనవంటే వోళ్ళకి లెక్కలేదు. బియ్యం తినీవోళ్ళం ఇక్కడ మనవేనని తెలుసు, అయినా గోదుమ రవ్వ పారేసిపోతారు" అని అరిచాడు. నేను మళ్ళీ పెట్టె ముందుకెళ్ళి, బియ్యం పూర్తిగా నిండుకున్నాయి, దయచేసి పంపండి అని చెప్పాను.

సాయంత్రం బంగారప్ప ఇంకో కబురు చెప్పింది. మంచుదిమ్మ ఒకటి కదిలి వాళ్ళ తాడు తెగిపోయింది. సీసాలన్నీ అడుక్కి పోయాయి. కొత్త తాడు వచ్చే ఓడలోనే. అంతదాకా పక్క గడప కొలత చూసుకుని నీళ్ళలోకి దిగమన్నారట.

"పక్క గడపంటే నువ్వేనే గుంటా. ఇకనించి మీ నీళ్ళే మా నీళ్ళు" అంది. వెనకనుంచి బావ గొంతు వినబడింది. "ఓ మరదలా, నీ పెట్టి మాట నమ్ముకునే దిగుతాను. సరిగ్గా సెప్పు. సిగ్గుపడి రెండు బారలు మింగీకు."

మా అందరిలోనూ నీళ్ళలో ఎక్కువసేపు ఉండగలిగేది బావే. నాకు ఈ రాత్రి గర్వంగా ఉంది. ఒక మనిషి నా మాట మీద దిగుతాడు.

గురువారం. తెలుపు డెబ్భై.

మొన్న ఆఫీసు నుంచి చీవాట్లు వచ్చాయి. 'ఆరో గడప దగ్గర మూత సరిగ్గా పట్టడం లేదు. లోతు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గాల్సింది పోయి నిండుగా కనిపిస్తోంది. ఇంకో రెండు గొట్టాలు తిప్పండి.'

మావ పలక మీద వేలు పెట్టాడు. "నిండుగా ఎక్కడుంది? నువ్వేటి సెప్పేవు?"

"నిండుకుందనే చెప్పాను."

"మరి వోళ్ళకి తెల్వదా? లేపోతే తెలిసే ఇంకా మూయమంటన్నారా?"

ఆయనా నేనూ కాసేపు ఆలోచించాం. పై లోతుల్లో ఇంకా కాఫీ రంగు ఉంది కదా, దాని సంగతి అంటున్నారేమో అనుకున్నాం. చదువుకున్నవాళ్ళు, బురద చదివి లక్ష ఏళ్ళ కిందటి మాట చెప్పగలిగినవాళ్ళు, ఈ నెల మాట వాళ్ళకి తెలియకుండా ఉంటుందా. మావ వెళ్ళి రెండు గొట్టాలు తిప్పాడు.

గొట్టాలు తిప్పిన మర్నాడే గుండం దగ్గర రొయ్యల్లాంటి ఎర్రని పురుగులు కుప్పగా తేలాయి. గుండమంటే మేం దిగడానికి మంచులో కోసుకున్న కన్నం. ఒక చేప నోరు తెరుచుకుని పైపైనే తిరిగింది. పట్టుకుంటే పారిపోలేదు. ఇసకమొగలో అలాంటి చేప దొరికితే అదృష్టం అనుకునేవాళ్ళం. మావ దాన్ని చేతిలో పట్టుకుని చూసి, కూరకివ్వకుండా మంచు మీద పెట్టేశాడు. "ఇది ఇల్లొదిలేసి వొచ్చినాది" అన్నాడు.

దిగినప్పుడు మొప్పల బుట్ట ఈలేసిందట. ఊపిరి పలచబడితే అది ఈలేస్తుంది. పూర్తిగా ఆగితే మళ్ళీ నీళ్ళలో అందుకోదు, పైకి రావడానికి చిన్న సీసాలో కొంచెం గాలి ఉంటుంది. పది బారల నుంచి రావడానికి అది సరిపోతుంది. ముప్ఫై నుంచి సరిపోతుందా అని మావని అడిగాను. "అంతదాకా రానిత్తామేటి? నువ్వున్నావు కదా పైన" అన్నాడు.

శనివారం. తెలుపు ముప్ఫై.

ఈ పొద్దున ముప్ఫై బారల సీసా తీసి మందు వేశాను. పాలు. నమ్మకం కలక్క ఇంకో సీసా దించి తీశాను. పాలే. గోడ మీద గీత గీస్తే సుద్ద చేతిలో విరిగింది.

మావ అప్పటికే బుట్ట భుజానికెత్తుకున్నాడు. సీసా చూపించాను. బుట్ట దించేశాడు.

"పెట్టికి సెప్పు. ఇప్పుడే సెప్పు. తాతారావు ఈయాలే దిగుతాడు" అన్నాడు.

సిగ్గు గుర్తే రాలేదు. పెట్టె ముందు నిలబడి గట్టిగా చెప్పాను. "ఆరో గడప. ముప్ఫై బారల దగ్గర ఊపిరి నిండుకుంది. పూర్తిగా నిండుకుంది. ఏడో గడపకి వెంటనే తెలియజెయ్యండి."

'అందింది. ఏడో గడపకి వెంటనే తెలియజేస్తాం. ధన్యవాదాలు.'

మావ ఊపిరి వదిలి బల్ల మీద కూర్చున్నాడు. "టీ పెట్టు" అన్నాడు. టీ పెట్టాను. రవ్వ ఉప్మా తిన్నాం. మధ్యాహ్నం ఎండుచేప పులుసు పెట్టాను. చాలా రోజుల తరవాత పని లేని పూట. మావ మా పెళ్ళిలో తాతారావు బావ బ్యాండువాళ్ళ డోలు లాక్కుని వాయించి, దాన్ని పగలగొట్టిన సంగతి చెప్పాడు. నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చింది.

సాయంత్రం మాట కలిపే వేళకి నేనే ముందు మీట నొక్కాను. బంగారప్ప పలకలేదు. చాలాసేపటికి పలికింది.

"మీ బావ ఇంకా పైకి రాలేదే" అంది.

"దిగాడా?" అన్నాను.

"దిగడా మరి? నువ్వే కదే సెప్పేవు. పలక మీద వొచ్చినాది." ఆవిడ పలక చూసి కూడబలుక్కుని చదివింది. "'ఆరో గడప. ముప్ఫై బారల దగ్గర ప్రాణవాయువు నిండుగా ఉంది. పూర్తిగా నిండుగా ఉంది.' దిగొచ్చని పచ్చదీపం కూడా ఎలిగింది. మరదలు రెండుసార్లు సెప్పింది, ఇంకేటి బయం అని నవ్వుకుంటా దిగేడే."

మావ నా చేతిలోంచి మాటగొట్టం తీసుకున్నాడు.

బుధవారం.

తాడు దించలేదు.

ఆ రోజు మావ మంచు బండి వేసుకుని ఏడో గడపకి పోయాడు. దిగడానికి ఊపిరి లేని నీళ్ళు. కొక్కెం తాడుతో వెతికాడు. బావ పన్నెండు బారల దగ్గర దొరికాడు. చిన్న సీసాలో గాలితో అక్కడిదాకా వచ్చాడు. గొలుసు ముడి బిగించిన పనిముట్టు నడుముకి తిరిగి తగిలించుకునే ఉన్నాడు.

మావ ఇంటికొచ్చి అదే చెప్పాడు, పనిముట్టు సంగతి.

మా అత్త నేర్పింది నాకు ఆ మాట. నేర్పిందనడం కూడా తప్పే, అందరిళ్ళలోనూ ఉన్నదే. ఇంట్లో బియ్యం లేవనకూడదు, ఉప్పు లేదనకూడదు. లేదు లేదు అంటే తథాస్తు దేవతలు వింటారు, నిజంగానే లేకుండా పోతుంది. అందుకని నిండుకున్నాయనాలి. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. నల్లపూసలు తెగాయనకూడదు, పెరిగాయనాలి. చెడ్డమాట నోట్లోంచి రాకుండా మంచిమాట తొడిగి పంపుతాం. ఎదుటివాడికి లోపలి మాట తెలుసు కాబట్టి.

పెట్టెకి పై తొడుగే తెలుసు.

శుక్రవారం.

ఓడ నుంచి విచారణకి ఒక పెద్దాయన వచ్చాడు. రజని గారూ వచ్చారు. ఆయనకి తెలుగు రాదు. చెవిలో ఒక చిన్న పెట్టె పెట్టుకున్నాడు. రజని గారు, "అది తీసెయ్యండి, నేను చెప్తాను" అన్నారు.

నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. ఆయన అడుగుతుంటే రజని గారు మాకు తెలుగులో, ఆయనకి వాళ్ళ భాషలో చెప్పారు.

"కడుపు నిండింది అంటే?"

"కడుపు నిండిందనే."

"కుండ నిండింది అంటే?"

"కుండ నిండిందనే."

"బియ్యం నిండుకున్నాయి అంటే?"

"బియ్యం అయిపోయాయని."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకి రజని గారు తనే జవాబు చెప్పారు. ఆవిడకి ఆ మాట కొత్త కాదు. వాళ్ళ అమ్మమ్మ కూడా అలాగే అనేదట, తరవాత నాతో చెప్పారు. "లేదని నోటితో అనడం ఇష్టం లేక" అన్నారు ఆఖరికి.

ఆయన తల ఊపి రాసుకున్నాడు. రెండు నెలల నా మాటలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఆరో గడపలో బియ్యం నిండుగా ఉన్నాయి. ఆరో గడపలో బియ్యం పూర్తిగా నిండుగా ఉన్నాయి. ఈమె అలవాటుగానే తప్పు చెప్తోంది అన్నాడట. రజని గారు ఏదో గట్టిగా అన్నారు. ఆయనా అన్నాడు. ఆ తరవాత తెలుగులో మాకు చదివి వినిపించినప్పుడు ఆవిడ గొంతు పెట్టె గొంతులా ఉంది.

'ప్రాణవాయువు లేదన్న సంగతి చెప్పడానికి ఆరో గడప స్త్రీ ఇష్టపడలేదు.'

మావ లేచి నిలబడ్డాడు. "ఆ మూత తీసేయండి" అన్నాడు. "ఇంక సాలు. కింద ఏటీ బతికిలేదు. గొట్టాలు కట్టేయండి."

"తీయలేం ఎర్రయ్యా" అన్నారు రజని గారు. "ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ళూ కింద దాచిందంతా ఒక్కసారి పైకొస్తుంది. గోళీ సోడా గుర్తుందా? ఆ రోజుల్లో ఇంత మూత పడడానికి వందల ఏళ్ళు పట్టింది. మనం ఒక్క ఎండాకాలంలో వేశాం. ఎలా తీయాలో బురదలో రాసి లేదు."

"అయితే బాగా పనిసేసినట్టే మేవు."

పెద్దాయన, మావ ఏమన్నాడని అడిగాడు. ఆవిడ చెప్పారు. ఆయన ముఖం మొదటిసారి కాస్త వెలిగింది. అవునన్నాడట. ముప్ఫై బారల దగ్గరే తెలుపంటే, మంచుకాలపు బురద చెప్పినదానికన్నా బాగా వచ్చిందట. దిగేవాళ్ళకి ఇకమీద మొప్పలు కాదు, గాలి సిలిండర్లు ఇస్తారట. ఓడలో ఉన్నాయట. మొదటినుంచీ ఉన్నాయట.

సోమవారం. తెలుపు ఇరవై ఆరు.

బంగారప్పని ఓడ ఎక్కించడానికి వెళ్ళాం. బావని ముందే ఎక్కించారు. ఆవిడ మెడలో ఏమీ లేదు. నేను చూసింది చూసి, "తెంపేను. పెరగలేదు, తెంపేను" అంది. "ఇంక నాకాడ ఆ మాటలు ఆడకండి."

కాళ్ళ మీద పడబోతే పట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అప్పా, నేను నిండుకుందనే అన్నాను."

"తెలుసే. నాను ఇన్నట్టయితే తెలిసిపోను. పెట్టి ఇన్నాది, నాను ఇన్లేదు." మెట్ల మీద ఆగింది. మా వైపు ఎవరైనా గడప దాటితే వెళ్ళొస్తాననే అంటారు. శవం వెంట పోయేవాళ్ళు తప్ప. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, "పోతన్నాను" అంది.

గురువారం. తెలుపు ఇరవై నాలుగు.

పలక మీద కొత్త నియమం వచ్చింది. వాడకూడని మాటలు: నిండుకుంది, కొండెక్కింది, పెరిగింది. వీటికి బదులు 'లేదు', 'ఆరింది', 'తెగింది' అనాలి. కింద ఒక వాక్యం: 'మీ ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడటం అలవాటు చేసుకోండి.'

ఆ మాట నా నోటికి రాదు. మావ గుండం దగ్గరికి పోయిన వేళ పెట్టె ఆపేసి, దాని ముందు నిలబడి సాధన చేశాను. లేదు. ఊపిరి లేదు. ఉప్పు లేదు. మొదట్లో నాలుక అడ్డం తిరిగింది. మా అత్త నెత్తిమీద మొట్టినట్టు ఉలిక్కిపడ్డాను. తరవాత తేలికైపోయింది. భయం వేసింది, అంత తేలికైనందుకు.

తరవాత పెట్టె ఆన్ చేసి చెప్పాను. "ఆరో గడప. ఇరవై నాలుగు బారల దగ్గర ప్రాణవాయువు లేదు. ఇంట్లో బియ్యం లేవు."

'అందింది. ధన్యవాదాలు' అంది, అదే గొంతుతో.

మావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇంట్లో అలా అనకే" అన్నాడు.

"మరెలా అనాలి?"

ఆయన చేతి తొడుగులు తీసి, మళ్ళీ తొడుక్కుని, బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం. తెలుపు ఇరవై.

ఓడ వచ్చింది. బియ్యం వచ్చాయి. రెండు బస్తాలు, ఒకటి మాకు, ఒకటి ఏడో గడపకి. ఏడో గడపలో ఎవరూ లేరని చెప్పాం. చీటీలో ఉంది కాబట్టి దింపుతామన్నారు ఓడ కుర్రాళ్ళు. రెండూ మా ఇంట్లోనే పెట్టించాడు మావ.

కొత్త బియ్యం. మూతి విప్పగానే వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఇసకమొగలో కొత్త బియ్యం డబ్బాలో పోసేటప్పుడు మొదటి దోసిలి నన్ను పొయ్యమనేది అత్త. దోసిలి పోశాను. మావ బస్తా ఎత్తి వంచాడు. బియ్యం జలజలా రాలుతున్నాయి. ఆయన కళ్ళలో దుమ్ము పడకుండా ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"సూడు, నిండిందా?" అన్నాడు.

డబ్బా అంచుదాకా వచ్చింది. పైన గుట్టలా నిలిచి, నాలుగు గింజలు నేల మీదికి జారాయి. చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు.

"ఖాళీ లేదు" అన్నాను.